ఇటలీ బండి గొంతు

అన్నదమ్ములిద్దరికీ మేడ కింద ఒకటే షెడ్డు. కానీ దాని నేల మీద నడిమధ్య తెల్లరంగు గీత ఒకటుండేది. ఇవతల తమ్ముడి ఇంగ్లండ్ బండి, ఆకుపచ్చది. అవతల అన్నయ్య ఇటలీ బండి, ఎర్రది. రెండూ ఏనాటివో స్పోర్ట్స్ కార్లు. ఒకరి ఇంజన్ మీద ఇంకొకరు చెయ్యి వేయకూడదని పెళ్ళిళ్ళు కాకముందే పంతం పట్టారు. ఆ ఒక్క విషయంలోనే ఇద్దరూ మాట మీద నిలబడ్డారు.

"నీది కారేమిట్రా, రిటైరైన గుమాస్తా. గురక పెడుతుంది," అనేవాడు అన్నయ్య.

"మరి నీదో? పొద్దున్నే లేచి వీధంతటితో తగువు పెట్టుకునే రకం," అనేవాడు తమ్ముడు.

నిజం చెప్పాలంటే ఇద్దరిదీ నిజమే. ఇంగ్లండ్ బండి లోగొంతుతో నిలకడగా నడుస్తుంది, మలుపుల్లో కంగారు పెట్టదు. ఇటలీ బండికి నిలకడన్నదే తెలియదు. నిలబెట్టినా ఉలిక్కిపడుతూనే ఉంటుంది, వేగం అందుకుందంటే మాత్రం గొంతెత్తి పాడుతుంది. ఇంజన్‌కి గాలీ పెట్రోలూ కలిపి అందించే దాని మూడు కార్బ్యురేటర్లనూ అన్నయ్య రబ్బరు గొట్టం చెవిలో పెట్టుకుని, అవి గాలి పీల్చే చప్పుడు వింటూ సరిచేసేవాడు. తమ్ముడి పద్ధతీ అదే. ఆ గాలిని కొలిచే మీటరు కొనడమంటే ఇద్దరికీ నామోషీ.

ఊపిరితిత్తులు పాడై అన్నయ్య మంచం పట్టాక ఎర్రబండి మూగబోయింది. ఇక చేసేదేమీ లేదని డాక్టరు చెప్పిన మర్నాడు వదిన షెడ్డులోకి వచ్చింది.

"దాని చప్పుడు ఒక్కసారి వినాలంటున్నారయ్యా మీ అన్నయ్య. నీకు కాక ఎవరికి చెప్పను?"

తమ్ముడు గీత దాటాడు. రోజంతా దానితో కుస్తీ పట్టాడు. గొట్టం చెవిలో పెట్టుకుని, తన చెవికి హాయిగా తోచేదాకా మరలు తిప్పాడు. సాయంత్రానికి ఇంజన్ అందుకుంది. వణుకు లేదు, దగ్గు లేదు. దాన్ని అలాగే నడవనిచ్చి, తన పనితనానికి తనే మురిసిపోతూ మెట్లెక్కాడు.

పైన కిటికీ తెరిచే ఉంది. అన్నయ్య కళ్ళు మూసుకుని వింటున్నాడు.

"ఇన్నాళ్ళకి నీ బండి దారిలో పడిందిరా," అన్నాడు ఆయాసపడుతూ. "ఎంత నిమ్మళంగా ఉందో! నిజంగా బాగుంది."

తమ్ముడు జన్మంతా ఎదురుచూసిన మెచ్చుకోలు, వచ్చి వచ్చి ఇలా వచ్చింది.

"ఇక దాన్ని ఆపి నాది స్టార్ట్ చెయ్యి."

తాను చేసిన పనేమిటో అప్పుడు తెలిసింది. ఎర్రబండికి పచ్చబండి గొంతు పెట్టాడు. ఇన్నేళ్ళూ దాన్ని వెక్కిరించాడే గానీ, ఒక్కనాడూ మనసుపెట్టి వినలేదు.

"ఒక్క నిమిషం అన్నయ్యా," అని పరుగున దిగాడు.

గొట్టం అవతల పడేశాడు. ఏ చప్పుడుకి తాను పళ్ళు నూరేవాడో దాన్నే గుర్తు తెచ్చుకుంటూ మరలు వెనక్కి తిప్పాడు. ఇంజన్ దగ్గింది, తుమ్మింది, ఆగబోయింది.

"తల్లీ, తిట్టినవన్నీ తప్పే. పాడవే!" అని బతిమాలాడు.

మూడో మర తిప్పగానే గొంతు విప్పింది. షెడ్డు రేకులు అదిరాయి. అదే, అచ్చం అన్నయ్య బండే. తమ్ముడు నవ్వుతూ బయటికొచ్చి తలెత్తాడు.

"అన్నయ్యా, ఇదిగో నీది!"

కిటికీలో వదిన ఒక్కతే నిలబడి ఉంది. తల అడ్డంగా ఊపింది.

"నీ బండి బాగుందని ఇంకోసారి అన్నారయ్యా," అంది. "అంతే."

ఇంజన్ ఆపడానికి తమ్ముడికి చేతులు రాలేదు. పెట్రోలు అయిపోయి అదే ఆగింది.