నా టేబుల్ కింద చీపురు పెట్టకూడదు

మా వదిన కుక్కకి పేలు పట్టాయి. తలలో పాకే పేలు కాదు, గెంతే పేలు. వెతికితే ఒక్కటీ కనపడదు. కాసేపు కుర్చీలో కూర్చుంటే మాత్రం పాదాల దగ్గర మొదలుపెట్టి మోకాళ్ల దాకా సుష్టుగా భోంచేసి పోతాయి. కుక్కపేలు అంటారు, ఇంట్లో కుక్క ఉంది, ఇంకేం కావాలి? కుక్కవే అని తేల్చేశాను. మీరైనా అదే అనేవాళ్లు, నన్నొక్కదాన్నే అనకండి.

వదినంటే మా ఆయన అక్క. లైబ్రరీలో పనిచేసి రిటైరైంది. అన్నయ్యగారు పోయాక మా ఇంటికొచ్చేసింది, వెంట ఒక సూట్‌కేసు, ఒక కుక్క. ఆ కుక్కని పెంచింది అన్నయ్యగారే. పేరు పెద్దమనిషి. నిజంగానే అది ముందు ఒకరు తింటే గాని తినదు, గుమ్మం దగ్గర ఎవరైనా ఎదురొస్తే పక్కకి తప్పుకుంటుంది. మా ఆయనకి కూడా అంత మర్యాద తెలీదు.

నేను దర్జీని. ముందుగదే నా షాపు. మిషను, నిలువుటద్దం, ట్రయల్‌కి ఓ మూల కర్టెను, గదిలో సగం తినేసే కటింగ్ టేబులు. నాకో రూలుంది. ఎవరి గుడ్డలో మిగిలిన ముక్క వాళ్లదే. వాళ్లొచ్చి బట్టలు పట్టుకెళ్లేదాకా అది టేబుల్ కింద కుప్పలో ఉండాల్సిందే. దర్జీలు గుడ్డ కొట్టేస్తారని లోకమంతా అంటుంది కదా, నన్ను మాత్రం ఒక్కరు అనకూడదు. "నా కోటు ముక్క మిగల్లేదా?" అని ఎవరైనా అడిగితే వంగి, చెయ్యి పెట్టి, తీసి, మొహాన కొట్టినట్టు ఇస్తాను. అందుకే ఆ టేబుల్ కింద చీపురు పెట్టడం నిషేధం. కొందరు ముక్కల కోసం ఎప్పటికీ రారు. కుప్ప పెరుగుతుంది. పెరగనీ, నాకేం? నిజాయితీకి చోటు కావాలి.

పెద్దమనిషికి ఆ కుప్పంటే ఏదో పిచ్చి. పొద్దస్తమానం టేబుల్ పక్కనే కూర్చుని, ముక్కు లోపలికి పెట్టి కుయ్ కుయ్‌మనేది. నేను చెక్కస్కేలు తీసి నేల మీద ఠపీమని కొట్టేదాన్ని. "పద అవతలకి! కస్టమర్ల సొత్తు!" అంటే మర్యాదగా లేచి, నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి తిరిగి టేబుల్ వంకే చూసేది.

ఇలా ఉండగా పళ్ల డాక్టరమ్మ కోటు కొలతలివ్వడానికొచ్చింది. చేతులు చాపి నిలబడమన్నాను. నిలబడింది. నడుం దగ్గర టేపు పెట్టేసరికి కుడికాలితో ఎడమకాలు గోక్కుంది. కొలత తప్పింది. మళ్లీ పెట్టాను. ఈసారి వంగి రెండు చేతులతో గోక్కుంది, టేపు ఆవిడ మెడకి చుట్టుకుంది. "ఏంటమ్మా ఇది, కుట్టు షాపా, కుట్టే షాపా?" అని చెప్పులేసుకుని వెళ్లిపోయింది. నా ప్రాణం పోయినట్టయింది. ఆవిడ నోరు మామూలుది కాదు. రోజంతా నోరు తెరుచుకుని కూర్చునేవాళ్లకి కథలు చెప్పే ఉద్యోగం, అడ్డుచెప్పేవాళ్లే ఉండరు.

ఆ సాయంత్రమే పంచాయితీ పెట్టాను.

"వదినా, శనివారం దాకా టైము. ఈలోపు పేలు పోతే సరే. పోకపోతే కలప డిపో వాచ్‌మన్‌కి కుక్క కావాలట, ఆ పొద్దునే వచ్చి పట్టుకెళ్లమంటాను" అన్నాను.

మా ఆయన పేపరు మొహానికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాడు. అక్కకీ పెళ్లానికీ మధ్య ఆయనకి తెలిసిన ఒకే ఒక్క దారి అది.

వదిన గొడవ పడలేదు. "పెద్దమనిషి ఎక్కడుంటే నేనక్కడ" అంది. "డిపో పక్క సందులో గదులు అద్దెకిస్తారులే."

బెదిరిస్తోందనుకున్నాను. బెదిరింపులకి లొంగే రకమా నేను?

మర్నాటి నుంచి మొదలైంది వైద్యం. లైబ్రరీలో అన్నేళ్లు పనిచేసిన మనిషి కదా, ఎవరేం చెప్పినా నమ్ముతుంది. పక్కింటావిడ నిమ్మకాయలు మరగబెట్టి ఆ నీళ్లు చల్లమంది. చల్లింది. ఇల్లంతా ఒక పెద్ద సబ్బుబిళ్లలా ఘుమఘుమలాడింది, పేలు మాత్రం హాయిగా గెంతుతూనే ఉన్నాయి. పాలవాడు రాత్రి నేల మీద ఉప్పు చల్లి పొద్దున ఊడ్చెయ్యమన్నాడు. చల్లింది. పెద్దమనిషి ఆ ఉప్పు నాకి, బకెట్టెడు నీళ్లు తాగి, జీవితంలో మొదటిసారి మర్యాద తప్పి మా ఆయన చెప్పుల మీద పోసింది. పోస్టుమాస్టరు వెనిగరు అన్నాడు. ఒకటికి రెండింతలు నీళ్లు కలిపి కుక్క ఒంటికి రాసింది. ఆ పులుపు వాసనకి నేను కూడా ఇల్లు వదిలి గెంతేద్దామనుకున్నాను.

ఇవి కాక పడకగుడ్డలన్నీ మరిగే నీళ్లలో ఉడకబెట్టింది. కుక్కకి స్నానం చేయించేటప్పుడు ముందు మెడ చుట్టూ సబ్బు పట్టించేది, లేకపోతే పేలన్నీ తలలోకి పరిగెత్తుతాయట. తర్వాత సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, దువ్వెన సబ్బునీళ్లలో ముంచి చూసేది. ఇల్లంతా ఊడ్చేది. నా టేబుల్ దగ్గరికొచ్చేసరికి చీపురు ఆగిపోయేది. నా రూలు నాకన్నా ఆవిడే ఎక్కువ పాటించింది, ఆ మాట ఒప్పుకోవాలి.

"మరదలా, దువ్వెనకి ఒక్కటీ తగలట్లేదు. వీడి ఒంటి మీద లేవు" అంది గురువారం.

"ఎందుకు తగుల్తాయి? మీరు దువ్వెన తీసేలోపు దిగిపోయి నా కస్టమర్ల మీదికెక్కుతున్నాయి" అన్నాను. మాటకి మాట అప్పజెప్పడంలో నన్ను మించినవాళ్లు లేరు.

శుక్రవారం ఆఖరి చిట్కా పట్టుకొచ్చింది. పళ్లెంలో సబ్బునీళ్లు పోసి, పైన దీపం వెలిగేలా పెడితే, పేలు ఆ వెలుతురుకీ వెచ్చదనానికీ గెంతి నీళ్లలో పడి చస్తాయట. ఎక్కడ ఎక్కువ పడితే అక్కడ వాటి కాపురం. పెద్దమనిషి పడుకునే చాప పక్కన స్టీలు పళ్లెం, దాని మీదికి వంచిన టేబుల్‌లైటు సిద్ధం చేసింది.

నేనూరుకోవాలా వద్దా? ఊరుకుంటే ఈ కథ లేదు. "ఆగండి, నా టేబుల్ కిందా ఒకటి పెడతాను. మిషను లైటు కిందికి వంచుతా. నా దగ్గర ఒక్క పేను పడితే అప్పుడు మాట్లాడండి!" అని రెండో పళ్లెం నా చేతులతో నేనే పెట్టాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు చూడండి, అలా.

శనివారం పొద్దున అందరికన్నా ముందు నేనే లేచాను. ముందుగదిలోకెళ్లి చాప పక్కన పళ్లెం చూశాను. నీళ్లు, సబ్బునురగ, ఒక కుక్క వెంట్రుక. అంతే. పెద్దమనిషి తల ఎత్తి, తోక ఒకసారి ఆడించి, నాకు నమస్కారం పెట్టినట్టు మళ్లీ పడుకుంది.

తర్వాత టేబుల్ కిందికి వంగాను.

పళ్లెం నల్లగా ఉంది. సజ్జలు ఆరబోసినట్టు పేలు. కొన్ని ఇంకా కాళ్లు కొట్టుకుంటున్నాయి. కుప్ప కొంచెం కదిలింది. పక్కకి జరిపి చూద్దును కదా, డాక్టరమ్మ పాత గౌను లైనింగు మీద ఒక బూడిదరంగు పిల్లి, దాని పొట్టకి అతుక్కుని మూడు పిల్లలు. గాలి కోసం నేను తెరిచి ఉంచే కిటికీలోంచి వచ్చి, నా నిజాయితీ కుప్పలో పురుడు పోసుకుంది మహాతల్లి. నా వంక చూసి ఒక ఆవులింత తీసింది.

గురివింద గింజ తన నలుపెరగదని మా అమ్మ ఎవరినో అంటే నవ్వేదాన్ని. నవ్వు రాలేదు. ఎలా ఒప్పుకోను? వారమంతా ఇల్లెక్కి అరిచానే! మా ఆయన ఊరంతా చెప్పి నవ్వుతాడు. డాక్టరమ్మకి తెలిస్తే ఇక చెప్పక్కర్లేదు. బుర్రలో ఇన్ని తిరుగుతుండగానే నా చేతులు పని చేసేశాయి. నల్ల పళ్లెం తీసుకెళ్లి చాప పక్కన పెట్టాను. అక్కడున్న పేలు లేని పళ్లెం తెచ్చి టేబుల్ కింద పెట్టాను. చుక్క కూడా ఒలకలేదు. దర్జీ చెయ్యి కదా.

వదిన వచ్చేసరికి దొంగకి తేలు కుట్టినట్టు మిషను ముందు కూర్చుని, దారం లేని సూదితో ఏదో కుడుతున్నాను.

వదిన చాప దగ్గర ఆగింది. పళ్లెంలోకి వంగి చూసింది. చాలాసేపు చూసింది. నా టేబుల్ వంక చూసింది, నా వంక చూసింది. అరుస్తుందనుకున్నా. ఏడుస్తుందనుకున్నా. ఏ ఒక్కటీ చెయ్యలేదు. లోపలికెళ్లి సూట్‌కేసు తెచ్చి గుమ్మం పక్కన పెట్టింది. రాత్రే సర్దేసుకుంది కాబోలు. కింద కూర్చుని పెద్దమనిషి తల ఒళ్లో పెట్టుకుని దువ్వడం మొదలెట్టింది.

"వాచ్‌మన్ ఎన్నింటికొస్తాడు?" అని మాత్రం అడిగింది.

"వచ్చేస్తాడు" అన్నాను.

"పర్లేదు. వీడికి ఆయన చెప్పులు కూడా సర్దాను. వాటి మీద తల పెడితేగాని నిద్రపోడు."

అన్నయ్యగారి చెప్పులు. సూట్‌కేసులో. జానెడు గుడ్డముక్క దొంగిలించలేదని ఇన్నాళ్లూ ఛాతీ విరుచుకు తిరిగానే, ఇప్పుడు ఈవిడ దగ్గర నేను కొట్టేసేది ఏమిటి? ఏడుపొచ్చింది. నాకు ఏడుపొస్తే అది కోపంగానే బయటికొస్తుంది, ఏం చెయ్యను, నా పుట్టుకే అంత.

"ఏంటి వదినా, మీకు కళ్లు లేవా?" అని అరిచాను. "ఆ పళ్లెం సరిగ్గా చూడండి! ఎర్రదారం ముక్క తేలట్లేదూ? మీ కుక్కకి ఎర్రదారం ఎక్కడిది? అదేమైనా రవికలు కుడుతోందా? అది నా పళ్లెం! నా టేబుల్ కిందిది! నేనే మార్చాను! అంత చదువుకున్నారు, అన్ని పుస్తకాల మధ్య బతికారు, ఆ మాత్రం చూసుకోవద్దూ?"

మా ఆయన పళ్లు తోముకుంటూ బ్రష్షుతో సహా గుమ్మంలోకొచ్చి నిలబడిపోయాడు.

"చూశాను" అంది వదిన.

"ఏం చూశారు?"

"దారం. పళ్లెం చూసినప్పుడే చూశాను."

"చూసి ఊరుకున్నారా? అడగరా నన్ను? కడిగెయ్యరా?"

వదిన దువ్వెన సబ్బునీళ్లలో ముంచి, విదిలించింది. "ఇల్లు నీది కదా" అంది.

కోపంగా అనలేదు. దెప్పుతున్నట్టు కూడా లేదు. బయట ఎండగా ఉంది అన్నట్టు అంది. నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేది. సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అప్పుడే వాచ్‌మన్ తాడు పట్టుకుని గేటు దగ్గర కేకేశాడు. నా కోపానికి ఒక మనిషి దొరికాడు.

"కుక్క లేదు, ఏమీ లేదు, ఫో! పిల్లి ఉంది, పిల్లలతో సహా! పట్టుకెళ్తావా?"

"పిల్లి కలపకి కాపలా కాస్తుందా అమ్మా?" అన్నాడు పాపం. నా మొహం చూసి జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

లోపలికొచ్చి చీపురు తీసి వదినకి ఇచ్చాను. "ఇదిగో. నా టేబుల్ కింద ఊడవండి."

వదిన అందుకోలేదు. "నీ కస్టమర్ల ముక్కలు?"

"మరిగే నీళ్లలో ఉడకబెడదాం. వచ్చి అడిగినవాళ్లకి ఉడికిన ముక్కలే ఇస్తాను."

వదిన నా వంక అలాగే చూసింది. పెదవి చివర కొంచెం కదిలింది. "ముందు ఉప్పు చల్లాలి. పిల్లల్ని అట్టపెట్టెలోకి మార్చాలి, వాటిని ఒక్కొక్కదాన్నీ దువ్వాలి. నిమ్మకాయలు అయిపోయాయి."

"ఏవండీ, విన్నారుగా!" అన్నాను. మా ఆయన నోట్లో నురగతోనే సంచీ అందుకున్నాడు.

వదిన చీపురు పుచ్చుకుని టేబుల్ కిందికి దూరింది. అంతకంటే ముందే పెద్దమనిషి దూరి, పిల్లి దగ్గర కూర్చుని, ఇన్నాళ్లూ చెప్తూనే ఉన్నా కదా అన్నట్టు కుయ్‌మంది. పిల్లి దాని ముక్కు మీద ఒక్కటిచ్చింది. నేనూ మోకాళ్ల మీద పాకి లోపలికెళ్లాను. ముగ్గురం ఆ చీకట్లో ఇరుక్కున్నాం. గుమ్మం పక్కన సూట్‌కేసు ఇంకా అలాగే ఉంది. దాన్ని లోపల పెట్టమని ఎలా అడగాలా అని మాటలు వెతుక్కుంటున్నాను.

ఇంతలో వదిన మోచేత్తో నన్నొక్క పోటు పొడిచింది.

"అటు జరుగు మరదలా. నా చీపురుకి అడ్డం."

నా ఇంట్లో, నా టేబుల్ కింద, నన్ను జరగమన్నవాళ్లు ఇంతవరకు పుట్టలేదు. జరిగాను.