ఎర్ర మచ్చ కింద నీళ్లు

ఉపగ్రహం పంపే బొమ్మల్లో నీళ్లు నల్లగా, పచ్చదనం ఎర్రగా కనబడతాయి. 1989 నాటి బొమ్మలో మెట్‌పల్లి అవతలి ఈ చెరువు అంచు నుంచి అంచుదాకా ఎర్రగా ఉంది. చెరువు ఎండి పొలాలైపోయిందని, ఆ బొమ్మలు చదివే సర్కారు ఉద్యోగి లింగమూర్తి రిపోర్టు రాశాడు. రాసేముందు వచ్చి కళ్లారా చూడాలని రూలు. ఎండకు జడిసి, హోటల్లో చాయ్ తాగుతూ, చూసినట్టే సంతకం గీకేశాడు మహానుభావుడు.

ఆ కాగితం చేసిన పని ఇప్పుడు కళ్లముందుంది. ఎండిన చెరువుకు కట్టెందుకని, రోడ్డు కోసం ఇరవైమంది కూలీలు కట్టను తవ్వుతున్నారు. పని చూడమని ఇంజనీరు పిలిస్తే లింగమూర్తి దర్జాగా జీపు దిగాడు. కట్ట దిగువన ముప్పై నేతగాళ్ల ఇళ్లు. మగ్గాల చప్పుడు పైకి వినిపిస్తోంది.

"నిండ నీళ్లున్నయని మొత్తుకుంటున్న, ఎవ్వలు వింటలేరు," అంది తూము కాపలా కాసే కనకవ్వ.

"అంతా గడ్డే కదవ్వా?" అన్నాడు లింగమూర్తి.

"గుర్రపుడెక్క బిడ్డా, నీళ్లమీద తేలుతది. గీ కట్టె ముంచి చూడు."

నిలువెత్తు కట్టె ఆకుల మధ్య పిడికిలిదాకా దిగింది. అడుగు తగల్లేదు.

లింగమూర్తి ఇంజనీరు గోపాల్‌రావు దగ్గరికి పరుగెత్తాడు. "పని ఆపుండ్రి సార్. తప్పు రాసిన."

"చూసి రాసిన అని సంతకం పెట్టినవ్ గదా. నోటిమాటకు ఆపితే రేపు నేను జవాబు చెప్పాలె. కరీంనగర్ పోయి మీ పెద్దసారుతోని కాగితం తీసుకరా."

పోయి వచ్చేసరికి పొద్దుగూకుతుంది. గండి అడుగున మన్ను అప్పటికే తడెక్కింది. ఇంకో గంట తవ్వితే చాలు, చెరువు ఇళ్లమీద పడుతుంది.

ఉద్యోగం గుర్తొచ్చింది, ఇద్దరు పిల్లలు గుర్తొచ్చారు. చెప్పొద్దూ, బస్సెక్కి పోదామనే అనిపించింది. కాగితం కోసం పోయిన మనిషిని ఎవరూ తప్పుపట్టరు. ఆ ఆలోచనకు తనమీద తనకే అసహ్యం వేసింది.

గండిలోకి దిగి, గడ్డపారలు పడేచోట చతికిలబడ్డాడు.

"నేను చూడలే సార్," అన్నాడు అందరికీ వినబడేలా. "హోటల్ల కూసొని రాసిన. గదే మాట కాగితం మీద రాసిస్త."

"నౌకరీ పోతది లింగమూర్తీ."

"పోతది సార్."

గోపాల్‌రావు జేబులోంచి కలం తీసి ఇచ్చాడు. లింగమూర్తి మోకాలి మీద కాగితం పెట్టుకుని, మొత్తం రాసి సంతకం చేశాడు.

గోపాల్‌రావు దాన్ని జేబులో పెట్టుకుని తవ్వకం ఆపించాడు. కూలీలు తట్టలకు మన్నెత్తారు. లింగమూర్తి మాత్రం గండిలోనే కూర్చున్నాడు. కనకవ్వ కిందికి చెయ్యి చాపింది.

"లే బిడ్డా. గండి పూడ్చాలె, అడ్డమున్నవ్."