జూన్ పన్నెండుకు అర్ధణా

సుందరమ్మ రోజూ తెల్లవారుతూనే లేచి వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు వేసి, పొయ్యి రాజేసేది. ఎసరు మరిగేలోగా గొడుగు తెరిచి పట్టుకుని సావిడిలోకి వెళ్ళి, గట్టి మూత ఉన్న బియ్యం డబ్బా తెచ్చుకునేది. సావిడిలో జూలై నెల ఉండేది. ఆ ఏడు, అంటే పందొమ్మిదివందల యాభై ఒకటిలో, జూలై వానలు తెరిపి లేకుండా కురిశాయి గనుక గొడుగు లేనిదే అటు వెళ్ళడానికి వీలుండేది కాదు. పెరటి వసారాలో ఏప్రిల్ ఉండేది. అక్కడ ఎప్పుడు నిలబడినా ఆవపిండి ఘాటు, కొత్త మామిడికాయ పులుపు ముక్కుకు తగిలేవి. తడిబట్టలు అక్కడ ఆరవేస్తే వంట ముగిసేలోగా పెళపెళలాడేవి.

కొత్తపేట కాలువగట్టు వీధిలోని ఆ పెంకుటింట్లో, పన్ను కట్టేదాకా రోజు బయటకు పోదు. పంచాయతీకి ఇంటిపన్ను ఆరునెలలకొకసారి కడతారు. కట్టిననాడు, అంతవరకూ గదుల్లో పోగుపడిన రోజులన్నీ కట్టినవారి వెంట వెళ్ళిపోతాయి. ఎవరి ఇంటిపన్ను వారే కట్టుకుంటే ఇందులో విశేషమేమీ కనబడదు, ఎవరి రోజులు వారికే చేరుతాయి. సుందరమ్మ మామగారు మాత్రం ఆ ఇల్లు కొన్నప్పుడు, అమ్మినవాళ్ళు ఊరు విడిచివెళ్ళే తొందరలో ఉన్నారని, వాళ్ళ పది రోజుల పన్ను తానే కట్టేశారు. ఆ పది రోజుల్లో వాళ్ళమ్మాయి పెళ్ళి జరిగింది. తనను ఎవరూ పిలవని ఆ పెళ్ళిలో తిన్న పూర్ణం బూరెల రుచి ఆయన బ్రతికినన్నాళ్ళూ చెప్పుకునేవారు. వియ్యపురాలు అలిగిన సంగతి కూడా చెప్పేవారు. ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోలేదు. పన్ను ఆయన కట్టారు, పెళ్ళి ఆయనకు చేరింది.

సుందరమ్మ భర్త సత్యం కాలువ రేవులో పడవల సరుకు రాసే గుమాస్తా. ఆ జూన్ పన్నెండో తేదీ మధ్యాహ్నం, ఇంట్లో ఒంటరిగా ఉండి, గుండె ఆగి చనిపోయాడు. సుందరమ్మ ఆ రోజు ఇంట్లో లేదు. చెల్లెలి కూతురికి సంబంధం కుదరాలని మురమళ్ళ వీరేశ్వరస్వామికి కల్యాణం చేయించడానికి వేకువనే బయలుదేరి వెళ్ళింది. మర్నాడు పొద్దున్న తిరిగి వచ్చేసరికి వీధి అరుగు నిండా జనం ఉన్నారు.

ఆ ఒక్క రోజు మధ్యగదిలో ఉండిపోయింది. సుందరమ్మ దానికి గడియ పెట్టింది. ఏప్రిల్‌లో ఆయన దగ్గు వినబడితే పని ఆపి నిలబడేది. మే నెల ఉన్న వంటింటి నడవలో ఆయన చెప్పుల చప్పుడు వింటూ పప్పు రుబ్బుకునేది. మధ్యగది దగ్గరికి వచ్చేసరికి మాత్రం గోడవారగా, అడుగుల సవ్వడి చేయకుండా దాటిపోయేది.

శ్రావణమాసంలో ఆమెకు రాజోలు ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పే ఉద్యోగం వచ్చింది. సెప్టెంబరు ఒకటిన చేరాలి. ఇల్లు అమ్మకానికి పెట్టింది. కాట్రేనికోన నుంచి కొబ్బరిపీచు తాళ్ళ వ్యాపారం చేసే కనకమ్మ కొనడానికి వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి, నోరు పెద్దది, నడక త్వరితం. తాళ్ళ మోపులు పడవలోంచి దించి నేరుగా సావిడిలో వేసుకోవచ్చని ఆ ఇల్లు ఆమెకు నచ్చింది.

ఆగస్టు ఇరవయ్యో తేదీ సోమవారం ఉదయం అందరూ ఆ ఇంటి అరుగు మీద చేరారు. దస్తావేజులు రాసే వీరవెంకటరమణ కాగితాలు, కలం, సిరాబుడ్డి ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పంచాయతీ బిల్లు కలెక్టరు బుల్లిరాజు రసీదు పుస్తకంతో వచ్చాడు. పన్ను సంగతి తేల్చి, రసీదులు పుచ్చుకుని, పదకొండు గంటలకు రిజిస్ట్రారు కచేరీకి వెళ్ళాలని ఏర్పాటు.

"ఇదంతా ఎందుకండీ," అన్నాడు వీరవెంకటరమణ. "ఆరునెలల పన్ను అయిదు రూపాయల పదకొండున్నర అణాలు. మొత్తం కనకమ్మగారే కట్టేస్తారు. సుందరమ్మగారి వంతు ఇంటి ధరలో తగ్గించుకుంటారు. ఒక్క రసీదుతో పోతుంది. అంతటా ఇలాగే చేస్తున్నారండి."

"వద్దండి," అంది సుందరమ్మ. "నా రోజులు నాకు కావాలి."

"ఆయ్, అదీ నిజమే," అని బుల్లిరాజు తల ఊపాడు. "ఆరోజు మీ మామగారు బూరెల గురించి చెబుతుంటే మా నాన్నగారు నోరూరి నిద్రపోలేదంట."

వీరవెంకటరమణ నిట్టూర్చి లెక్క వేశాడు. ఏప్రిల్ ఒకటి నుంచి సెప్టెంబరు ముప్పై దాకా నూట ఎనభై మూడు రోజులు. రోజుకు సరిగ్గా అర్ధణా. నిన్నటిదాకా అమ్మినవారివి, నూట నలభై ఒకటి. ఈ రోజు నుంచి కొన్నవారివి, నలభై రెండు.

"ఆగవయ్యా," అంది కనకమ్మ. "ఈ రోజు నాదెలాగవుతుంది? పొద్దున్న ముగ్గు ఈవిడ వేసింది. నేనింకా గుమ్మం కూడా దాటలేదు."

"తాళం చేతులు మారిన రోజు కొన్నవారిదేనండి. ఎక్కడైనా అదే పద్ధతి. ముగ్గు ఆవిడది, పన్ను మీది."

"బాగుంది! రాని రోజులకి కూడా ఇప్పుడే కట్టించుకుంటావు. ఆ నలభయ్యొక్క రోజులూ రాకపోతే డబ్బులు తిరిగిస్తాడా మీ బుల్లిరాజు?"

"రాకపోతే నేనూ ఉండనండి," అన్నాడు బుల్లిరాజు. "ఇద్దరం అక్కడే చూసుకుందాం."

కనకమ్మ పకపకా నవ్వి, డబ్బు ఇచ్చేముందు ఇల్లు మరొకసారి చూస్తానని లేచింది. సావిడి గుమ్మంలో గొడుగు అందుకుని జూలై దాటింది. నడవలో మే ఉక్కకు కొంగుతో విసురుకుంది. మధ్యగది ముందు ఆగింది.

"ఇందులో ఏముందమ్మాయ్?"

"జూన్ పన్నెండు అండి."

"ఒక్క రోజుకి గదంతానా?"

కనకమ్మ తలుపు మీద చెయ్యి పెట్టబోయి, సుందరమ్మ ముఖం చూసి చెయ్యి వెనక్కు తీసుకుంది. లోపల నులకమంచం ఒకసారి కిర్రుమంది. సుందరమ్మ గిరుక్కున తిరిగి అరుగు మీదికి వచ్చేసింది.

"నా వంతు నూట నలభైకి రాయండి," అంది వీరవెంకటరమణతో.

"నూట నలభై ఒకటమ్మా."

"కాదండి. ఒక రోజు కనకమ్మగారి లెక్కలో వెయ్యండి. జూన్ పన్నెండు."

కలం ఆగింది. పాతికేళ్ళుగా అతడు దస్తావేజులు రాస్తున్నాడు. అమ్మినవాళ్ళు రోజు ఎగవేయజూడడం చూశాడు, కొన్నవాళ్ళు రోజు తగ్గించమనడం చూశాడు. నడిమధ్య నుంచి ఒక్క రోజు తీసి ఇచ్చేస్తామన్నవారిని చూడలేదు.

"అర్ధణాకి బేరమా, అమ్మాయ్?" అంది వెనకనే వచ్చిన కనకమ్మ.

"డబ్బు నేనే ఇస్తానండి. మీ చేతుల మీదుగా కట్టండి, చాలు."

"అలా కుదరదండి," అన్నాడు బుల్లిరాజు మెల్లగా. "చెయ్యి ఎవరిదైనా, డబ్బు ఎవరిదో రోజు వారికే పోతుంది. వదిలేద్దామంటే, ఒక్క రోజు తక్కువైనా నేను రసీదు ఇవ్వకూడదు. రసీదు లేందే రమణగారు కాగితం రాయరు."

"ఇంట్లో గడియ పెట్టిన గది ఉంటే నేనూ కొనను," అంది కనకమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. అరుగు అంచున కూర్చుని సుందరమ్మను పరిశీలనగా చూసింది. "చెప్పు. ఏముంది ఆ రోజులో? తెలీని సరుకు నేను ఎత్తుకోను."

సుందరమ్మ స్తంభానికి ఆనుకుని నిలబడింది. చదివి వినిపిస్తున్నట్టుగా, మురమళ్ళ ప్రయాణం మొదలుకొని చెప్పింది.

"ఆయన నన్ను పిలిచే ఉంటారు, కనకమ్మగారూ. దాహమని అడిగి ఉంటారు. ఇంట్లో మనిషి లేదు. ఎన్నిసార్లు పిలిచేరో, ఎంతసేపు పిలిచేరో, అంతా ఆ గదిలో ఉంది. పన్ను కడితే అది నాకు చేరుతుంది. రాజోలు వెళ్ళినా నాతోనే వస్తుంది. నూట నలభై రోజులూ సంతోషంగా మోస్తాను. అదొక్కటీ మోయలేను."

కాలువలో ఒక పడవ వెళుతూ ఉంది, గెడ నీటిలో పడుతున్న చప్పుడు వినబడింది.

"మా ఆయన చేపల వేటకెళ్ళి, గోదారి సముద్రంలో కలిసేచోట పోయేడు," అంది కనకమ్మ. "పడవ దొరికింది, మనిషి దొరకలేదు. పదిహేడేళ్ళయింది. సముద్రానికి పంచాయతీ లేదమ్మా, బిల్లు కలెక్టరు లేడు. ఉంటే, ఆ ఒక్క రోజుకీ నా తాళ్ళ వ్యాపారమంతా కట్టేద్దును." నడుముకు దోపుకున్న తిత్తి తీసి ముడి విప్పింది. "నువ్వు వదిలించుకుందామంటున్నావు, నేను ఎక్కడా దొరక్క వెతుక్కుంటున్నాను. రాయవయ్యా రమణా. ఆవిడకి నూట నలభై, నాకు నలభై మూడు."

"ఆలోచించుకోండి," అన్నాడు వీరవెంకటరమణ. "రాసేక కొట్టివేత ఉండదు."

"నేను తాళ్ళు అమ్మేదాన్ని. ముడి వేసేముందే ఆలోచిస్తాను. రాయి."

సుందరమ్మ నాలుగు రూపాయల ఆరణాలు లెక్కపెట్టి ఇచ్చింది. బుల్లిరాజు తేదీలన్నీ వరుసగా వేసి, జూన్ పన్నెండు దగ్గర గీత గీసి, రసీదు చింపి ఇచ్చాడు. సావిడిలో వాన వెలిసింది. ఆవపిండి ఘాటు పెరటి వసారా విడిచి ఆమె చీరకొంగులోకి వచ్చి చేరింది. నడవలోని చెప్పుల చప్పుడు అరుగుదాకా వచ్చి, ఆమె పక్కన ఆగి, ఇక వినబడలేదు. ఆమె ముఖం ఒక్క క్షణం పెళ్ళికూతురి ముఖంలా వెలిగింది.

తర్వాత కనకమ్మ ఒక రూపాయి అయిదున్నర అణాలు ఇచ్చింది. రెండో రసీదు మీద బుల్లిరాజు సంతకం పూర్తి కాగానే ఇంట్లో గడియ జారిన చప్పుడైంది. సుందరమ్మ చెవులు రెండూ మూసుకుంది.

కనకమ్మ కళ్ళు మూసుకుని కూర్చుంది. ఆమె పెదవులు ఒకటి రెండుసార్లు కదిలాయి. చెయ్యి గాలిలో లేచి, ఏదో పట్టుకున్నట్టు వంగి, మళ్ళీ ఒడిలోకి దిగింది. కళ్ళు తెరిచేసరికి అలిసిపోయి ఉంది, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పనిచేసి వచ్చిన మనిషిలా. ముందుకు వంగి సుందరమ్మ చేతులు చెవుల మీదనుంచి తీసింది.

"దాహమన్నాడమ్మా," అంది. "ఇచ్చేను."

"మీరా?"

"రోజు నాదైతే అందులో నేనుండనా? పొద్దున్నే వచ్చేను. ‘ఎవరండీ’ అనడిగేడు. ‘తాళ్ళ కనకమ్మనండి’ అన్నాను. రేవులో సరుకు రాసినవాడు కదా, ‘ఎన్ని మోపులు’ అన్నాడు. ఆ నొప్పిలో కూడా!" ఆమె నవ్వబోయి ఆగింది. "ఎక్కువసేపు కాదు. తల నా ఒడిలో పెట్టుకున్నాను. ‘సుందరం వచ్చిందా’ అన్నాడు. ‘దేవుడి పని మీద వెళ్ళింది కదండీ, వచ్చేస్తుంది’ అన్నాను. సరేనన్నాడు. అంతే."

సుందరమ్మ ఆమె చేతులు వదలకుండా అడిగింది.

"ఏ నీళ్ళిచ్చేరండీ?"

"బిందెలోవి ముంచబోతే వద్దన్నాడు. వంటింటి మూల కుండలోవి అడిగేడు. రెండుసార్లు తాగేడు."

"అవునండి," అంది సుందరమ్మ. "బిందె నీళ్ళు ఆయనకి సయించవు." కనకమ్మ పక్కన అరుగు మీద కూర్చుని, ఆమె భుజం మీద తల ఆనించింది. వీరవెంకటరమణ సిరా ఆరిందో లేదోనని కాగితం కేసి వంగి చూశాడు, చాలాసేపు అలాగే చూస్తూ ఉన్నాడు.

పదకొండు గంటలకు నలుగురూ కచేరీకి వెళ్ళారు. మూడు గంటలకు తాళం చేతులు మారింది.

రాజోలు బడిలో ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు సుందరమ్మ ఆడపిల్లలకు కుట్టుపని నేర్పింది. కొత్తగా పరిచయమైనవాళ్ళు మర్యాద కొద్దీ భర్త సంగతి అడిగేవారు. అన్నీ నింపాదిగా చెప్పేది. పోయేటప్పుడు పక్కన ఎవరైనా ఉన్నారా అని జాలిగా అడిగితే, కుడుతున్న బట్ట మీదనుంచి తల ఎత్తి చెప్పేది.

"ఉన్నారండి. కాట్రేనికోన కనకమ్మగారు."