మంద ముట్టని మేత

ఆపరేటరు తొట్టిలోంచి గాజు జాడీతో నీళ్ళు ముంచి గట్టుమీద పెట్టాడు. రోజూ అయితే తను టీ తాగి వచ్చేసరికి బురద అడుక్కి దిగి పైన తేట నీరు నిలిచేది. ఇవాళ టీ తాగాడు, గ్లాసు కడిగాడు, మళ్ళీ వచ్చి చూశాడు. జాడీ నిండా కుడితి కలిపినట్టే ఉంది. మట్టివాసన రావాల్సిన తొట్టి కుళ్ళు కంపు కొడుతోంది. పైన తెల్లటి నురగ దట్టంగా పేరుకుంది.

రెండు మూడు వీధుల మురుగు చేరే చిన్న ప్లాంటు అది. ఆ మురుగును తినేవి కంటికి ఆనని సూక్ష్మజీవులు. ఆయన వాటిని ‘మంద’ అంటాడు. గాలిపంపు ఆగితే చాలు, మందకు ఊపిరాడదంటూ అన్నం ముందు నుంచి లేచిపోతాడు. ‘నేను దగ్గి దగ్గి చస్తున్నా ఇంత పరుగు ఎప్పుడైనా తీశారా?’ అని పెళ్ళాం దెప్పుతుంది.

ఆ మంద ఇప్పుడు చస్తోంది. ఎందుకో ఆయనకు లీలగా తెలుసు.

ఫోను చేస్తే బామ్మర్ది బండిమీద వచ్చి వాలాడు. హోల్‌సేల్ మందుల గోదాము అతనిది.

“గడువు తీరిన సరుకు పోసేశావా?”

“నిన్ననే, బావా. మాత్రలు నానబెట్టి మరీ పోయించా. పొడులూ సీసాలూ అన్నీ. గోదాము అద్దంలా ఉంది!”

“ఏం మందులురా?”

“ఎక్కువ యాంటీబయాటిక్కులే. ఫిట్సు మాత్రలు కొన్ని. అలా చూస్తావేంటి? మొన్న భోజనాల దగ్గర నువ్వేగా అన్నావు? చెత్తలో వెయ్యకు, పిల్లలు ఏరుకుంటారు, మురుగుకాలవలో పొయ్యి, నా మంద రాళ్ళయినా అరాయించుకుంటుందని!”

నిజమే, తనే అన్నాడు. మీసం దువ్వుకుంటూ మరీ అన్నాడు. యాంటీబయాటిక్కు చంపేది సూక్ష్మజీవుల్నేనని ఆ పూట బుర్రకు తట్టలేదు. ఫిట్సు మందునైతే మంద మూతి కూడా పెట్టదనీ, వచ్చింది వచ్చినట్టే బయటికి పోతుందనీ శిక్షణలో విన్నదీ గుర్తు రాలేదు. గొప్పలకు పోయి అన్నీ మరిచాడు.

బయటికి పోయే నీరు వాగులో కలుస్తుంది. వాగు పక్కనే కింది ఊరి మంచినీళ్ళ బావి ఉంది.

ఆయన పరుగున వెళ్ళి వాగు వైపు గేటు చక్రం బిగించాడు. నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. వెనక తొట్టిలో మట్టం పైకి రావడం మొదలైంది. సాయంత్రానికి అది నిండితే వీధుల్లో మరుగుదొడ్లు వెనక్కి తంతాయి. మురుగు తోడుకుపోయే టాంకర్లు కావాలంటే ఇంజనీరుకు చెప్పాలి.

“ఏదో ఫ్యాక్టరీ వాళ్ళు పోశారని చెప్పు, బావా. నా లైసెన్సు ఊడుతుంది. నీ ఉద్యోగం మాత్రం ఉంటుందా? అక్క మొహం చూసైనా...”

“ఫ్యాక్టరీ అంటే బావిలో దేనికోసం వెతుకుతార్రా? రంగుల కోసమా, ఆసిడ్ కోసమా?”



ఆపరేటరు ఫోను చెవికి ఆనించాడు. “సార్, మంద పోయింది. మందులు పడ్డాయి. మా బామ్మర్ది గోదాములోవే, నిన్న పోశాడు. పొయ్యమంది నేనే.”

అటునుంచి ఇంజనీరు అడిగాడు, “ఏయే మందులు?”

ఫోను బామ్మర్ది చేతిలో పెట్టాడు. వాడు బావ మొహంలోకి కొరకొరా చూసి, ఒక్కో పేరూ నీళ్ళు నములుతూ చెప్పాడు. ఫోను తిరిగిచ్చేసి, వెనక్కి చూడకుండా బండెక్కాడు.

“బావి పంపు ఆపిస్తున్నా,” అన్నాడు ఇంజనీరు. “గేటు ఎప్పుడు మూశావు?”

“ఇప్పుడే, సార్.”

“పోసింది నిన్న కదా?”

ఆపరేటరు వాగు వైపు చూశాడు. గేటు మూసేసరికి నీళ్ళు అప్పుడే తేటపడ్డాయి. నిన్నటి నుంచి బావికి ఎంత చేరిందో చూసి చెప్పేందుకు వాటిలో ఏమీ లేదు.

“అవును సార్,” అన్నాడు.