నామినీ గడిలో మొగుడి పేరు

జీవిత బీమా ఏజెంట్లుగా మేము పధ్నాలుగు మందిమి ఒకే రోజు చేరాం. పదకొండో నెల వచ్చేసరికి నేనొక్కదాన్నే మిగిలాను. అది నా గొప్పతనమని మా ఆఫీసరు నలుగురిలో పొగిడేవాడు గానీ, అసలు సంగతి వేరు. నాకు పోవడానికి ఇంకో చోటు లేదు. పదిహేనేళ్లు పనిచేసిన ఫొటో స్టూడియో మూతపడింది. ఫొటోల్లో జనం మొహాల మీద మచ్చలు చెరపడం తప్ప మరో పని రాని నలభై రెండేళ్ల మనిషికి పిలిచి ఉద్యోగం ఎవరిస్తారు? బీమా వాళ్లిచ్చారు. వాళ్లు ఎవరికైనా ఇస్తారు. నిలబెట్టుకోవడంలోనే ఉంది తంటా అంతా.

మొదటి రోజు ఆఫీసరు తలా ఒక కాగితం ఇచ్చి, తెలిసినవాళ్ల పేర్లు వంద రాయమన్నాడు. పరీక్ష రాస్తున్నట్టు తలలు వంచుకుని రాశాం. బావ, మరిది, పెదనాన్న కొడుకు, మేడ మీద వాటాలో ఉండే లెక్కల మాస్టారు... నా పక్కన కూర్చున్న మాజీ బస్సు కండక్టరు నూట పద్దెనిమిది రాసి, ఇంకో కాగితం కూడా అడిగాడు. అందరికంటే ముందు మానేసింది అతనే.

ఎందుకు మానేస్తారో నన్నడగండి, చెబుతాను. మొదటి రెండు నెలలు చుట్టాలు మొహమాటానికి తీసుకుంటారు. అదంతా మన తెలివే అనుకుంటాం. మూడో నెల నుంచి ఆ చుట్టాలే మనల్ని దూరం నుంచి చూసి ముఖం చాటేస్తారు. ఇక తెలియనివాళ్ల దగ్గరికి వెళ్తే "చూద్దాం" అంటారు. "వద్దు, వెళ్లమ్మా" అన్నా ఓర్చుకోవచ్చు. ఆ "చూద్దాం" ఉంది చూశారూ, అది మనిషిని నమిలేస్తుంది. ఒకాయన చేత పధ్నాలుగు సార్లు అనిపించుకున్నాను. పదిహేనోసారి వెళ్లేసరికి ఆయన బామ్మర్దే ఏజెంటు అయ్యాడట, పాలసీ అక్కడ తీసేసుకున్నాడు. ఆ రోజు వాళ్ల మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. సిగ్గు విడిచి ఎవరికి చెప్పుకుంటాం ఇలాంటివి?

మా అత్తగారు మాత్రం రోజూ గుర్తు చేసేది. "నువ్వా సంచీ తగిలించుకున్నప్పటి నుంచి మా చెల్లెలు నా ఫోన్ కూడా ఎత్తట్లేదే," అనేది. దెప్పుతోందో నవ్విస్తోందో ఆవిడకే తెలియాలి. మా ఆయన డెలివరీ వ్యాన్ నడుపుతాడు. "నీకు చేతకాకపోతే మానెయ్, ఎవరేమంటారు?" అన్నాడొకసారి. ఓదార్పుగానే అన్నాడు పాపం. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. చేతకాకపోవడమేమిటి?

రూలు ఒకటే. ఏడాదిలో పన్నెండు పాలసీలు చెయ్యాలి, లేదంటే లైసెన్సు రద్దు. నా ఏడాది ఆ శనివారం సాయంత్రం అయిదింటికి ముగుస్తుంది. శుక్రవారం పొద్దున్నకి పదకొండు దగ్గర ఆగి ఉన్నాను.

బేకరీ మాస్టారి మీద ఆశ పెట్టుకున్నాను. ఊరు లేచేసరికి బన్నులూ బ్రెడ్డూ కాల్చి పెట్టే మనిషి, మధ్యాహ్నం ఇంటి పట్టున ఉంటాడు. మూడు సార్లు తిప్పించుకున్నాక నాలుగోసారి ఆయనే ఆ మధ్యాహ్నానికి రమ్మన్నాడు. వాళ్ల ముందుగదిలో అడుగు పెట్టడానికి చోటు ఉండదు. కేకు డబ్బాల కోసం కోసిన అట్టలు గోడకి సగం ఎత్తు దాకా పేర్చి ఉంటాయి. ఆయన భార్య నేల మీద కూర్చుని వాటిని మడుస్తుంది. నాలుగు మడతలు, రెండు చెవులు దోపడం, డబ్బా తయారు. మనం ఒక మాట పూర్తి చేసేలోపు ఆవిడ మూడు చేసి పక్కన పెడుతుంది. "బాగున్నారా వదినా" అని పలకరించి నేను ఆయన వైపు తిరిగి కూర్చున్నాను.

ఆయన పేరు రాశాను. పుట్టిన తేదీ రాశాను. నామినీ గడిలో, అంటే ఆయన పోతే డబ్బు ఎవరికి చెందాలో రాసేచోట, ఆవిడ పేరు రాశాను. ఆరోగ్యం ప్రశ్నల దగ్గరకొచ్చాం.

"షుగరుందా అన్నయ్యా?"

"ఉంది, ఆరేళ్ల నుంచి. లేదని రాసెయ్ అమ్మా," అన్నాడు, సంతకం ఎక్కడ పెట్టాలో వెతుకుతూ.

"ఉంటే ఉందనే రాయాలి కదా."

"అందరూ లేదనే రాస్తారు. నువ్వొక్కదానివే కొత్తగా వచ్చావా ఏంటి?"

ఆయన మాట అబద్ధం కాదు. మా పధ్నాలుగు మందిలో అలా రాసినవాళ్లు నాకు తెలుసు. ఉందని రాస్తే రక్తపరీక్షలు, డాక్టరు కాగితాలు, పై ఆఫీసు అనుమతి, తక్కువలో తక్కువ పది రోజులు. నాకున్నది ఒక్క రోజు. పెన్ను 'లేదు' గడి మీదికి వెళ్లింది. నిజం చెప్పేస్తున్నాను, టిక్కు పెట్టడానికి చెయ్యి సగం దించాను కూడా.

గదిలో అట్టల చప్పుడు ఆగిపోయింది. ఆవిడ నా పెన్ను వంకే చూస్తోంది.

"అన్నయ్యా, అబద్ధం మీరాడతారు గానీ దానికి జవాబు చెప్పుకోవాల్సింది మీరు కాదు," అన్నాను. "రేపేదన్నా అయితే ఈ కాగితం పట్టుకుని కౌంటర్ ముందు నిలబడేది వదిన. మీ పాత మందుల చీటీ ఒక్కటి దొరికితే చాలు, రూపాయి రాదు పొమ్మంటారు. అప్పుడు ఆవిడ ఎవరితో పోట్లాడాలి?" అని 'ఉంది' దగ్గర టిక్కు పెట్టేశాను.

ఆయన ఒంటికాలి మీద లేచాడు. "శుభమా అని సంతకం పెడుతుంటే చావు కబుర్లా! నాకొద్దు నీ పాలసీ!" అని చొక్కా తగిలించుకుని విసురుగా బయటికి పోయాడు.

పన్నెండోది పోయింది. కాగితాలు సంచీలో పెట్టుకున్నాను. ఏడాది పొడుగునా చెప్పులరిగేలా తిరిగింది ఈ ఒక్క టిక్కు కోసమా అనిపించింది.

"నాకు షుగర్ లేదు," అంది ఆవిడ.

నాకు వెంటనే ఎక్కలేదు.

"బీపీ కూడా లేదు. మొన్ననే చూపించుకున్నా. నాకివ్వరా పాలసీ?"

"మీకా వదినా?"

"ఏం, నేను పోతే ఈ ఇంటికి ఏ లోటూ రాదా?" లేచి వెళ్లి అల్మరాలోంచి బ్యాంకు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. "పదకొండేళ్ల నుంచి ఈ డబ్బాల కూలి నా ఖాతాలోనే పడుతోంది. ఇంటి అద్దె ఇందులోంచే కడతాను. మీరు నాలుగుసార్లొచ్చారు. నాలుగుసార్లూ టీ తాగారు. ఒక్కసారన్నా నన్నడిగారా?"

చెంప చెళ్లుమన్నట్టయింది. అడగలేదు. నా వంద పేర్ల కాగితం కళ్ల ముందు మెదిలింది. వందకి వంద మంది మగవాళ్లే. నేను చేసిన పదకొండు పాలసీల్లోనూ ఆడవాళ్లంతా నామినీ గడిలోనే ఉన్నారు. వాళ్లూ సంపాదిస్తున్నారన్న ఆలోచన, పదిహేనేళ్లు జీతం తెచ్చిన నాకే తట్టలేదంటే, నా తెలివి తెల్లారినట్టే ఉంది!

కొత్త ఫారం తీశాను. ఆవిడ వివరాలన్నీ రాసి, నామినీ గడిలో ఆయన పేరు పెట్టాను. ఇంతలో మాస్టారు తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నీకెందుకే ఇవన్నీ?"

"మీ పేరే వేయించాను, కంగారు పడకండి," అంది ఆవిడ తలెత్తకుండా సంతకం పెడుతూ.

ఆయన ఒక డబ్బా చేతిలోకి తీసుకుని మడత విప్పాడు, మళ్లీ మడవబోయాడు, రాలేదు. నవ్వేశాడు. "నాదీ పంపించమ్మా. ఉందనే రాసి పంపించు. ఎన్నాళ్లు పడితే అన్నాళ్లు పట్టనీ," అన్నాడు.

"వదినా, ఈ డబ్బాలు మడిచేవాళ్లు ఇంకా ఉన్నారా?" అని అడిగాను వెళ్తూ వెళ్తూ.

"మా ఇళ్ల వరసలోనే ఇంకో ఆరుగురున్నారు. మమ్మల్నెవరడుగుతారు?"

నేనడిగాను. ఆ సాయంత్రం ఆరు గుమ్మాలూ ఎక్కాను. ఒక్కరంటే ఒక్కరు కూడా "చూద్దాం" అనలేదు. "ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చారు మీరంతా?" అని ఒకావిడ తిట్టింది. అంత తీపి తిట్టు నేను జన్మలో తినలేదు.

శనివారం నాలుగింటికి ఆఫీసు కౌంటర్ దగ్గర ఉన్నాను. గుమాస్తా ఫారం చూసి నుదురు చిట్లించాడు.

"కంగారులో తిరగేసి రాసినట్టున్నారు మేడమ్. భర్త పేరు నామినీలో పడింది."

"తిరగెయ్యలేదు బాబూ. సరిగ్గానే రాశాను."

ఇంకోసారి చూసి ఠపీమని ముద్ర వేశాడు. పన్నెండు! లోపలి గదిలోంచి ఆఫీసరు పరుగున వచ్చి చెయ్యి కలపబోయాడు. "ఆగండి సార్, ఇంకా ఉన్నాయి," అని బెంచీ వైపు చూపించాను. బ్యాంకు పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని ఆరుగురూ వరసగా కూర్చున్నారు. పదమూడు, పధ్నాలుగు, పదిహేను... ముద్ర పడ్డ ప్రతిసారీ నా భుజాలు ఒక అంగుళం లేచాయి. ఇన్నాళ్లూ ఈ హాల్లో గోడ వారగా నడిచినదాన్ని, ఆ రోజు నడిమధ్యలో నిలబడ్డాను.

పద్దెనిమిదోది అయిపోయాక, వాళ్లలో పెద్దావిడ అడిగింది. "మరి మీ పాలసీ ఎవరి దగ్గర తీసుకున్నారమ్మా?"

నాకెక్కడిది? మా ఆయన పాలసీలో నేను నామినీని.

"ఇంకేమన్నా ఉన్నాయా మేడమ్?" అన్నాడు గుమాస్తా, ముద్ర మూత పెట్టబోతూ.

"ఒక్కటుంది," అన్నాను. ఖాళీ ఫారం తీసి నిలబడే రాశాను. గుమాస్తా దాని మీద నా పేరు చదివి తలెత్తాడు.

"సొంత పాలసీ మీ లెక్కలోకి రాదు మేడమ్."

"నాకు తెలుసులే బాబూ."

నామినీ గడి దగ్గర ఆగి మా ఆయనకి ఫోన్ చేశాను. "నా పేరు మీద పాలసీ రాస్తున్నాను. మీరు పుట్టిన సంవత్సరం ఎంతండీ?"

"పన్నెండోది దొరక్క చివరికి నీ మీదే రాసుకుంటున్నావా?" అన్నాడు జాలిగా. "పోనీలే, ఇంటికొచ్చెయ్. అంతా అయిపోయిందనుకో."

"పన్నెండోది గంట కిందటే అయింది. మొత్తం పద్దెనిమిది చేశాను. ఇది నా కోసం, నా డబ్బుతో. నామినీగా మిమ్మల్ని వేస్తున్నాను."

అవతల వ్యాన్ ఇంజిను ఆగింది. తర్వాత, "పద్దెనిమిదా!" అని వీధి వీధంతా వినపడేలా అరిచాడు. కౌంటర్ అవతల గుమాస్తాకి కూడా వినిపించింది.

"అరుపులు తర్వాత," అన్నాను, నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొస్తుంటే. "ముందు సంవత్సరం చెప్పండి. అయిదవుతోంది."