సామాను దగ్గర ఒకరుండాలి

ఎక్కడికి వెళ్లినా సామాను దగ్గర కూర్చునే మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. మా ఇంట్లో అది నేను. ఓట్లు వేయలేదు, చీట్లు తీయలేదు. పెళ్లయిన కొత్తలో ఒకసారి మర్యాదకు "మీరు వెళ్లిరండి, నేనిక్కడ ఉంటాను" అన్నాను. అంతే, ఆ ఉద్యోగం నాకు పర్మనెంటయిపోయింది.

అందుకని నేను చూసిన లోకం వేరు. కోట అంటే నాకు కోట బయటి టికెట్ల కిటికీ. మ్యూజియం అంటే మెట్ల పక్కన కాలు విరిగిన సిమెంటు బల్ల. అందరూ గొప్పగా చెప్పుకునే జలపాతం దగ్గర నేను చూసింది బస్సులు వెనక్కి తిప్పుకునే ఖాళీ స్థలం, అక్కడ టైర్లకు నీళ్లు కొట్టుకుంటున్న ఓ డ్రైవరు. జలపాతం చప్పుడు మాత్రం వినిపించింది. ఎవరో బాత్రూములో కుళాయి కట్టేయడం మరిచిపోయినట్టుంది.

లోపలికి వెళ్లినవాళ్లు బట్టలు తడిసి, ముఖాలు వెలిగిపోతూ తిరిగొస్తారు. నన్ను చూడగానే ఆ ముఖాలను కాస్త సర్దుకుంటారు. "ఏముందిలే, పెద్దగా ఏం లేదు. నువ్వు రాకపోవడమే మంచిదయింది" అంటారు. "పోనీ ఇప్పుడు నువ్వెళ్లి చూసిరా, మేముంటాం" అని కూడా అంటారు, అబద్ధమెందుకు. సరిగ్గా అప్పుడే బస్సు హారను కొడుతుంది. మావాళ్ల మంచితనానికీ బస్సు హారనుకూ మధ్య ఏదో లోపాయికారీ ఒప్పందం ఉందని నా అనుమానం.

పెద్దగా ఏం లేదన్న మాట నేను నమ్మాను. నమ్మడానికి నా ఉద్యోగం కూడా కొంత కారణం. నేను ఫోటో స్టూడియోలో పనిచేస్తాను. జనం ఊళ్లు తిరిగి తెచ్చుకున్న ఫోటోలకు రంగులు సరిచేసి, ప్రింట్లు తీసి, అంచులు కత్తిరించి కవర్లో పెట్టి ఇస్తాను. ఏ ఫోటో చూసినా ముందు ఓ కుటుంబం పళ్లికిలిస్తూ అడ్డంగా నిలబడి ఉంటుంది. వాళ్ల వెనక ఉన్నది జలపాతమో, సున్నం వేసిన గోడో చెప్పడం కష్టం. అంత గొప్పవే అయితే జనం వాటికి వీపు తిప్పి ఎందుకు నిలబడతారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అయినా లోపల్లోపల ఒకటే కోరిక ఉండేది. ఒక్కసారి, ఒక్కచోట, గేటు దాటి లోపలికి వెళ్లాలి. పెద్దగా ఏం లేదని ఈసారి నేనే తేల్చుకోవాలి.

ఇప్పుడు చెప్పబోయే ప్రయాణం మీద ఆశ కలగడానికి కారణం మా ఆయన నడుము. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. మనుషుల్ని పదో అంతస్తుకు ఎక్కించగల వాడు, కిందటి ప్రయాణంలో వాళ్లమ్మ సూట్‌కేసును మాత్రం రైలు మెట్టు ఎక్కించలేక నడుము పట్టేసి మంచమెక్కాడు. పడుకుని ఫోనులో వీడియోలు చూసీ చూసీ, లేచేసరికి జ్ఞాని అయిపోయాడు.

"ఇకనుంచి మనిషికి ఒక్క బ్యాగు. భుజానికి తగిలించుకునేది. అంతే" అని ప్రకటించాడు. "లిఫ్టుకైనా మనిషికైనా ఓ లోడుంటుంది. అది దాటితే కదలడు."

మా అత్తయ్య ముఖం మాడిపోయింది. ఆవిడ రిటైరైన నర్సు. ఆవిడ సూట్‌కేసులో ఉండేది బట్టలు కాదు, ఒకవేళలు. ఒకవేళ జ్వరమొస్తే, ఒకవేళ వాన పడితే, ఒకవేళ హోటలు దుప్పట్లో నల్లులుంటే. మా ఆయన అక్క, అంటే మా వదిన, బ్యూటీ పార్లరు నడుపుతుంది. ఆవిడ వాదన ఇంకో రకం. "నేను ఎలా పడితే అలా కనిపిస్తే నా దగ్గరికి ఎవరొస్తారురా? నా ముఖమే నా బోర్డు" అంది.

నేను మాత్రం మా ఆయన మాటకు మనస్ఫూర్తిగా తలూపాను. పెళ్లయ్యాక అలా ఊపడం అదే మొదలనుకుంటా, ఆయన కూడా కాస్త కంగారుపడ్డాడు. నా లెక్క నాకుంది. బ్యాగు భుజానికి ఉంటే మనిషితోపాటు లోపలికి వస్తుంది. కింద పెట్టే సామానే లేకపోతే, దాని దగ్గర కూర్చునే మనిషి అవసరమే లేదు.

రెండు జతల బట్టలు, ఓ తువ్వాలు, దువ్వెన, పళ్ల బ్రష్షు. నా బ్యాగు చిటికెనవేలితో లేచింది. మా ఆయన దాన్ని తన తూకం కొక్కేనికి తగిలించి, ముల్లు కదిలీ కదలకుండా ఉండటం చూసి మురిసిపోయాడు. "అమ్మా, అక్కా, ఇలా రండి. చూసి నేర్చుకోండి. ఇదీ సర్దడమంటే!" అని హాలు మధ్యలో దాన్ని ప్రదర్శనకు పెట్టాడు. ఆ పొగడ్తే నా కొంప ముంచింది.

అందరికంటే ముందు వచ్చి చూసింది వదిన. "అయ్యో, సగం ఖాళీయే! ఇందులో నా జుట్టు ఆరబెట్టుకునే మిషను పట్టేస్తుంది."

"వదినా, అది నా బ్యాగు."

"నీది కాదని ఎవరన్నారు? నీదే. మోసేది కూడా నువ్వే కదా."

ఆ వెంటనే అత్తయ్య మందుల డబ్బా పట్టుకుని వచ్చింది. "అమ్మాయ్, నా దాంట్లో పెడితే సీసాలు పగులుతాయి. నీ బట్టల మధ్య మెత్తగా ఉంటాయి." దాని వెనకే రబ్బరు వేడినీళ్ల సంచి, గొడుగు, ఇంకో గొడుగు. మొదటిది విరిగితే ఉండాలట. చివరికి సాక్షాత్తు మా ఆయనే వచ్చాడు. చేతిలో బూట్ల జత, ఎవరినో అడిగి తెచ్చిన బైనాక్యులర్లు, తీగ చుట్టిన ప్లగ్గుల బోర్డు.

"మనిషికి ఒక్క బ్యాగన్నారు" అన్నాను.

"ఒక్కటే కదా నాది కూడా. చూడు, ఎంత చిన్నదో!" అని తన వీపు చూపించి తిరిగాడు. నిజమే, ఆయన బ్యాగు చాలా ముచ్చటగా ఉంది.

జిప్పు పడలేదు. నేను బ్యాగు మీద కూర్చుంటే, వదిన దాన్ని లాగింది. అంతటితో ఆగారా అంటే, స్టేషనుకు బయల్దేరేటప్పుడు ఒక్కొక్కరి చేతిలో రెండేసి కవర్లు ప్రత్యక్షమయ్యాయి. ఇదేమిటంటే, "కవరు బ్యాగు కిందికి రాదు" అంది అత్తయ్య. వీడియోల్లో కవర్ల గురించి ఏమీ చెప్పలేదని మా ఆయన కూడా ఒప్పుకున్నాడు.

ఈసారి మేం వెళ్లింది గుహలు చూడటానికి. రైలు దిగేసరికి హోటలు వాళ్లు గది ఇంకా ఖాళీ కాలేదన్నారు. అందుకని సామానుతోనే బస్సెక్కి గుహల దగ్గర దిగాం. నా భుజం దారి పొడుగునా నన్ను తిడుతూనే ఉంది. నేను మాత్రం పట్టించుకోలేదు. ఎంత బరువైనా అది నా భుజానికే ఉంది, భుజం నాతోనే లోపలికి వస్తుంది. ఆ ధైర్యంతో టికెట్ల వరసలో అందరికంటే ముందు నిలబడ్డాను. మా ఆయన నలుగురికీ టికెట్లు కొని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

గేటు దగ్గర గొడుగు నీడలో ఒకావిడ కూర్చుని గోళ్లు కత్తిరించుకుంటోంది. మమ్మల్ని తలెత్తి కూడా చూడలేదు. మా సామాను చూసింది.

"బ్యాగులు లోపలికి తీసుకెళ్లకూడదు. దారి సన్నం, ఇరుక్కుంటారు."

"లాకర్లున్నాయి కదండీ?" అన్నాను. నా గొంతు నాకే ఏడుపు గొంతులా వినిపించింది.

"లాకర్లున్నాయి. తాళాలు పోయాయి" అని ఆవిడ ఇంకో గోరు కత్తిరించింది. "ఎవరో ఒకరు సామాను దగ్గర ఉండండి."

ఆ ఒకరెవరో వేరే చెప్పాల్సిన పనే లేదు. అత్తయ్య తన బ్యాగు దింపి సిమెంటు బల్ల మీద పెట్టి, జాగ్రత్తగా నా వైపు జరిపింది. వదిన చేతిసంచి నా చేతికిచ్చి అద్దంలో ముఖం చూసుకుంది. మా ఆయన నా బ్యాగులోంచి బైనాక్యులర్లు తీసుకుని మెడలో వేసుకున్నాడు. గుహలో బైనాక్యులర్లతో ఏం చూస్తాడో ఆయనకే తెలియాలి.

"నువ్వుంటావుగా" అన్నాడు ఎంతో ప్రేమగా. "మా ఆఫీసులో ఒకాయన చూసొచ్చాడు. పెద్దగా ఏం లేదట."

నాకు ఒళ్లు మండింది. ఏడుపు కూడా వచ్చింది. రెండూ విడివిడిగా వస్తే నేను ఎలాగోలా ఓర్చుకుంటాను. ఆ రోజు కలిసి వచ్చాయి. ఇన్నేళ్లలో ఏ బల్ల మీద కూర్చున్నప్పుడూ రాని ధైర్యం వచ్చింది. వదిన సంచి ఆవిడ తమ్ముడి మెడలో బైనాక్యులర్ల పక్కనే తగిలించాను. నా బ్యాగు తీసి ఆయన చేతుల్లో పెట్టాను. ఆ బరువుకు ఆయన దబ్బున బల్ల మీద కూర్చుండిపోయాడు. కూర్చున్నాడు కదా అని కవర్లన్నీ తెచ్చి చుట్టూ పేర్చాను. తర్వాత ఆయన చొక్కా జేబులోంచి ఒక టికెట్టు తీసుకున్నాను.

"ఇదేంటి?" అన్నాడు.

"సామాను."

"మరి నువ్వెక్కడికి?"

"లోపలికి."

"అదేంటే! సామాను దగ్గర ఒకరుండాలి కదా!"

"ఉన్నారుగా" అన్నాను.

గోళ్ల ఆవిడ మొదటిసారి తలెత్తి, నా టికెట్టు చింపి, సగం నా చేతిలో పెట్టింది. ఎందుకో కాస్త మర్యాదగానే పెట్టింది. వెనక అత్తయ్య "అయ్యో, వాడొక్కడే, నడుము నొప్పి మనిషి" అనడం వినిపించింది. అంటూనే ఆయన జేబులోంచి రెండో టికెట్టు తీసుకుని నా వెనకే వచ్చేసింది. ఆవిడ వెంట వదిన.

మెట్లు తడిగా, కిందికి దిగుతూ ఉన్నాయి. ఒకచోట గోడలు ఎంత దగ్గరికొచ్చాయంటే పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి దూరాలి. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. ఎప్పుడూ ఏదో ఒక పట్టీ పట్టుకుని ఉండే చేతులవి. ఖాళీగా ఉంటే ఎవరివో అన్నట్టున్నాయి.

ఆ సందు దాటగానే గుహ ఒక్కసారిగా తెరుచుకుంది. ఎంత పెద్దదంటే, మా వీధి వీధంతా అందులో పడుతుంది. పైన ఎక్కడో కప్పులో ఓ కన్నం. అందులోంచి వెలుగు నిలువుగా దిగి, అడుగునున్న నీళ్ల మీద పడుతోంది. నీళ్లు పచ్చగా, లోపలి రాయి కనిపించేంత తేటగా ఉన్నాయి. కప్పు నుంచి వేలాడే రాళ్ల కొసన బొట్లు తయారై, మెరిసి, ఒక్కొక్కటే రాలుతున్నాయి. బొట్టు పడ్డప్పుడల్లా ఆ చప్పుడు గుహంతా తిరిగి మళ్లీ మా దగ్గరికి వస్తోంది. రోజంతా ఫోటోల్లో రంగులు సరిచేసే దాన్ని. అక్కడ సరిచేయడానికి నాకు ఏమీ కనిపించలేదు.

నేను ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను, దాచుకోవడమెందుకు. ఏడుస్తూ పక్కకు చూస్తే, వదిన నీళ్లకు వీపు తిప్పి నిలబడి ఫోనులో ముఖం సర్దుకుంటోంది. అత్తయ్య చేతులు కట్టుకుని, ఇలాంటివి చాలా చూసిన మనిషిలా కప్పు వైపు చూస్తోంది.

"అత్తయ్యా" అన్నాను. "అన్నీ ఇలాగే ఉండేవా?"

"ఏవమ్మా?"

"నేను బయట కూర్చున్నవన్నీ."

ఆవిడ నర్సుగా ఎంతమందికి ఎన్ని చెడ్డ కబుర్లు చెప్పి ఉంటుందో, నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. "జలపాతం ఇంతకంటే బాగుంటుంది."

"అమ్మా!" అని వదిన అరిచింది. గుహ కూడా రెండుసార్లు అమ్మా అంది.

"నువ్వు బాధపడతావని అలా అనేవాళ్లం తల్లీ. ఒకరెలాగూ ఉండాలి కదా. ఉన్నవాళ్లకు బాగుందని చెప్తే ఏం బాగుంటుంది?"

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తిట్టాలనిపించింది. కానీ అక్కడ ఏమన్నా రెండుసార్లు వినాల్సి వస్తుంది. ఆ కోట, ఆ మ్యూజియం, ఆ జలపాతం. నా నుంచి ఇంతింత దాచి, పైగా నా మంచికే అనుకుని హాయిగా నిద్రపోయారు వీళ్లు. దొంగతనమైతే దొంగనైనా తిట్టుకోవచ్చు. ఇది ప్రేమ, దీని మీద ఏ పోలీసు స్టేషన్లోనూ కేసు రాసుకోరు. వాళ్లు బస్సుకు టైమయిందని పిలిచినా కదలకుండా, ఆ వెలుగు నీళ్ల మీద ఓ పక్కనుంచి ఇంకో పక్కకు జరిగే దాకా అక్కడే నిలబడ్డాను.

మేం బయటికి వచ్చేసరికి మా ఆయన బల్ల మీద బిగుసుకుని కూర్చుని ఉన్నాడు. ఒక కాలు నా బ్యాగు పట్టీలో దూర్చుకున్నాడు, రెండు చేతులా కవర్లు కౌగిలించుకున్నాడు. మమ్మల్ని చూసి లేవబోయి, కాలు పట్టీలో చిక్కుకుని మళ్లీ కూర్చున్నాడు.

"ఇంతసేపా? నాకు ఎప్పటినుంచో బాత్రూముకు వెళ్లాలి. వీటిని వదిలి ఎలా వెళ్లను? ఒక కుక్క వచ్చి అమ్మ కవరంతా వాసన చూసింది. ఎవరో వచ్చి బల్ల ఖాళీ చేస్తారా అని అడిగారు. ఎంత విసుగో తెలుసా?"

"తెలుసు" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. నా జుట్టు తడిసి ఉంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి, నవ్వు ఎంత ఆపుకున్నా ఆగడం లేదు. నేను ముఖం సర్దుకున్నాను.

"ఎలా ఉంది లోపల?" అన్నాడు. "నేను కూడా ఒకసారి చూసొస్తా. మీరుండండి."

సరిగ్గా అప్పుడే బస్సు హారను కొట్టింది.

చెప్పాల్సింది చాలా ఉంది. ఆ కన్నం, ఆ వెలుగు, ఆ బొట్ల చప్పుడు, అన్నీ నోటిదాకా వచ్చాయి. ఆయన చిన్నపిల్లాడిలా నావైపే చూస్తున్నాడు. అత్తయ్య, వదిన ఊపిరి బిగబట్టి నావైపే చూస్తున్నారు.

"ఏముందిలే" అన్నాను. "పెద్దగా ఏం లేదు. మీరు రాకపోవడమే మంచిదయింది."

"అవున్రా, అంతా చీకటి" అంది అత్తయ్య చటుక్కున.

"నిజంగానా?" అన్నాడు ఆయన.

"నిజంగా."

ఆయన ముఖం తేలికపడింది. హమ్మయ్య అనుకుని బాత్రూము వైపు పరుగెత్తాడు. నేను నా బ్యాగు జిప్పు తీసి, మిషనూ డబ్బా గొడుగులూ బోర్డూ బూట్లూ ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాను. మిగిలినదాన్ని చిటికెనవేలికి తగిలించుకుని బస్సు వైపు నడిచాను. పాపం, ఆయన నమ్మేశాడు. ఇన్నేళ్లూ నేను కూడా అలాగే నమ్మాను.