ఇత్తడి గంజు మూత

వార్తలు చదివే అమ్మాయికి సిద్దిరాములు మాట వినపడదు. ఆ సంగతి కనకవ్వ చాలాసార్లు చెప్పింది. అయినా మొగుడు చాయ్ గ్లాసు పట్టుకుని టీవీ ముందు గొంతుక్కూర్చుని అరుస్తూనే ఉన్నాడు. ఎక్కడో ఇంకో పిల్ల ఎండిన బోరుబావిలో పడింది. బతకలేదు.

"మూత పెట్టనీకి ఏం రోగం వీళ్లకు?" చాయ్ తొణికి లుంగీ మీద పడింది.

సన్నటి మనిషి. బోర్లలోంచి మోటార్లు లాగీ లాగీ, భుజాలు మాత్రం వేరే ఎవరివో తెచ్చి అతికించినట్టు ఉంటాయి. అరచేతుల్లో తాడు కోసిన గీతలు గ్రీజుతో నల్లబడి ఏ సబ్బుకూ లొంగవు. బెల్లంపల్లి చుట్టుపక్కల ఎండిన బోరు ఎక్కడున్నా, అందులోంచి మోటారు, పైపులు పీకింది ఎవరని అడగనక్కర్లేదు.

నిరుడు ఎండాకాలం ఇలాగే అరుస్తుంటే కనకవ్వ వంటింట్లోంచే అడిగింది: "మోటరు పీకినంక గా బొందల మీద నువ్వేం పెట్టినవ్?"

ఆ పూట ఆయన అన్నం తినలేదు. మర్నాటి నుంచి వంటింట్లో మూతలు మాయం కావడం మొదలైంది. కోపం వచ్చినప్పుడల్లా ఒక మూత. వార్తలు ఎన్నడూ బాగుండవు కాబట్టి, ఇప్పుడు పప్పు మీద పళ్లెం, పాల మీద క్యాలెండరు అట్ట.

ఇవాళ చేయి ఇత్తడి గంజు మూత మీద పడింది. మిగిలింది అదొక్కటే.

"గది నా పెండ్లికి మా అవ్వ పెట్టింది. ముట్టకు."

"మనూర్ల దేవదాస్ చేన్ల బోరొక్కటే మిగిలిందే. బడి తెరుస్తున్నరు. పోరగాండ్లు గా గట్టు మీదనే పోతరు."

కనకవ్వ మూత వంక, మొగుడి వంక చూసి టీవీ ఆపేసింది. "సొట్ట పడ్డదో, చెప్త నీ సంగతి."

చేను దగ్గర దేవదాస్ అడ్డం నిలబడ్డాడు. "మూస్తే ఇగ బోరు సచ్చినట్టే అన్నా. వానలు పడితే నీళ్లు రావా?"

నిరుటి నుంచి ఇదే మాట. సిద్దిరాములుకు గొంతుదాకా తిట్టు వచ్చింది. మింగాడు. మూతను ఎత్తి, దించి, మళ్లీ ఎత్తి చూపించాడు.

"మీ ఇంట్ల గంజు మీద మూత పెడ్తే అన్నం సచ్చిపోతదా తమ్మీ? నీళ్లొచ్చిన్నాడు తీసి మీ వదినెకియ్యి. నా ప్రాణం తింటది."

దేవదాస్ తల గోక్కుని, బోరు చుట్టూ గడ్డి పీకడానికి తనే వంగాడు.

సిద్దిరాములు మూత అంచుకు రంధ్రాలు చేసి, నేలలోకి పొడుగు మేకులు దిగ్గొట్టి, తీగతో బిగించాడు. మీదికెక్కి తొక్కి చూశాడు. కదల్లేదు.

"జర నీడకు కూసుంట" అని మోదుగు చెట్టు కిందికి పోయాడు. దేవదాస్ చెంబుతో నీళ్లు తెచ్చేసరికి తల పక్కకు వాలి ఉంది. సుత్తె ఒళ్లోనే ఉంది.

సిద్దిరాములు దినాలు అయిపోయిన మర్నాడు దేవదాస్ మూతను చింతపండుతో తోమి, కొత్త తువ్వాలలో చుట్టి తెచ్చాడు. "మీ అవ్వ పెట్టిందట గద వదినె. నీ దగ్గరనే ఉండనీ."

కనకవ్వ విప్పి చూసింది. అంచున నాలుగు వైపులా రంధ్రాలు.

"నీళ్లొచ్చినయా?"

"రాలే."

"మరెందుకు తీసినవ్?" కనకవ్వ అంత గట్టిగా అరవడం ఆ వాడ ఎన్నడూ వినలేదు. "పోరగాండ్లు నడిచే తొవ్వల బొంద తెరిచిపెట్టి, తువ్వాల చుట్టి తెచ్చినవా? నడువ్ ముందు!"

కొంగు నడుముకు దోపి, మూలనున్న సుత్తె తీసుకుంది.

పత్తి మొలకల నడుమ ఇప్పుడు ఆ మూత ఉంది. దాని మీద పెండ్లినాడు చుక్కలు చుక్కలుగా కొట్టించిన కనకవ్వ పేరు. వాన వెలిశాక ఆ చుక్కల్లో కాసేపు నీళ్లు నిలుస్తాయి.